ఒంటిమనిషి గుడారం

నా ఇల్లాలికి,

ఆశీస్సులు. వాటితో నీకిప్పుడు పని లేదని తెలుసు. ఉత్తరానికి నెత్తిన ఏదో ఒకటి ఉండాలి కనుక రాశాను. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనే. అక్కడ నువ్వూ, నిన్ను చేరదీసిన మీ అక్కా క్షేమంగా ఉన్నారనే అనుకుంటున్నాను. ఆవిడ క్షేమం గురించి నాకెప్పుడూ బెంగ లేదు.

పార్సిల్ ఈపాటికి అంది ఉంటుంది. ఈ ఉత్తరం చివరిదాకా చదవకుండా ఆ టెంటు భుజాన వేసుకుని గడప దాటకు. కారణం కూడా రాస్తాను, కానీ తర్వాత. ముందే రాస్తే మిగతాది చదవవు. నా మాట సగం విని వంటింట్లోకి వెళ్ళిపోవడం నీకు అలవాటు. ఉత్తరంలో వంటిల్లు లేదు.

నువ్వు వెళ్ళాక వచ్చిన మొదటి ఉత్తరమని చేతులు కడుక్కుని మరీ విప్పాను. నా మోకాలు ఎలా ఉందని లేదు. వేళకి తింటున్నానా అని లేదు. "కొండల మీద నడిచేవాళ్ళు వాడే బాగా తేలికైన టెంటు, ఒక్క మనిషికి సరిపడేది, చూసి పంపండి. వీటి సంగతి మీకు తెలిసినంతగా నాకు తెలిసినవాళ్ళలో ఎవరికీ తెలియదు" అని ఉంది. ఆ రెండో వాక్యం నీ సొంతమా, పని జరగాలని మీ అక్క రాయించిందా అని ఒక పూటంతా ఆలోచించాను. దాని కింద, కొండల మధ్య కనుమ దాటడానికి ఒక్కదాన్నే వెళుతున్నానని ఒక ముక్క. ఆ కింద ప్రశ్నలు, పై అధికారి సంజాయిషీ అడిగినట్టు. ఉద్యోగమంతా వాతావరణ కార్యాలయంలో చేసినవాణ్ణి. గాలి ఎటు తిరుగుతుందో ముందే చెప్పమంటే చెప్పాను. ఇంట్లో గాలి ఎటు తిరిగిందో మాత్రం నువ్వు పెట్టె సర్దుకున్నాకే తెలిసింది.

సరే, జవాబులు రాస్తాను.

బస్టాండు వెనక కొండ సామాన్ల దుకాణం ఉంది కదా, అక్కడికి వెళ్ళాను. దాని యజమానికి నేను గ్రాములాయన అని పేరు పెట్టుకున్నాను. మనిషి కుర్చీలో పట్టడు, మాట్లాడేది మాత్రం గ్రాముల్లో.

"ఎవరికి సార్?" అన్నాడు.

"మా ఆవిడకి."

"ఇద్దరు పట్టేది తీయనా?"

"ఒక్కరు పట్టేదే."

"మరి మీరు?"

"నేను ఇంట్లో పడుకుంటాను."

నా చేతికర్రనీ మోకాలినీ చూసి గొంతు తగ్గించాడు. అక్కడినుంచి పరామర్శకి వచ్చినవాడిలా మాట్లాడాడు. నాకు ఒళ్ళు మండింది. ముందు ఒక్క పొర ఉన్న టెంటు తీసి, "జేబురుమాలే అనుకోండి సార్, ఉన్నట్టే తెలియదు" అన్నాడు. "రుమాలుతో ముక్కు తుడుచుకుంటారు నాయనా, కనుమ మీద కాపురం చెయ్యరు" అన్నాను. "మీకంటే పెద్దాయన నిరుడు ఇలాంటిదే పట్టుకెళ్ళారు సార్" అన్నాడు. "ఉన్నాడా?" అని అడిగాను. నిచ్చెన ఎక్కి ఇంకో సంచీ దించాడు.

ఒక పొరా, రెండు పొరలా అని అడిగావు. రెండు పొరలదే తీసుకున్నాను. రాత్రి నువ్వు వదిలే ఊపిరిలో తేమ ఉంటుంది. బయటి గుడ్డ చల్లబడితే ఆ తేమ దాని లోపలివైపు పట్టి బొట్లు కడుతుంది. ఒక్క పొరే ఉంటే మోచెయ్యి తగిలిన చోటల్లా తడి. లోపల దోమతెర గుడ్డ ఇంకో పొరగా ఉంటే ఆ బొట్లు దానిమీద పడి పక్కకి జారిపోతాయి. మన పాత టెంటులో పొద్దున్న లేచేసరికి ఉండే తడి నీవల్లే అని నేను, నావల్లే అని నువ్వు ఇన్నేళ్ళూ పోట్లాడుకున్నాం. ఇకమీదట లోపల నువ్వొక్కదానివే ఉంటావు. ఎవరివల్లో తేలిపోతుంది.

సొంత కడ్డీలతో నిలబడేదా, చేతికర్రల మీద నిలబడేదా అన్నావు. చేతికర్ర మీద నిలబడేదే పంపాను. కడ్డీల బరువు తప్పుతుంది. నువ్వెలాగూ రెండు కర్రలతో నడుస్తావు, అందులో ఒకటి లోపల నిలబెడితే గుడ్డకి అదే స్తంభం. ఒకటి గుర్తుంచుకో. మేకులు దిగని రాతినేల మీద ఇది నిలబడదు. మేకు దిగకపోతే తాడుని పెద్ద రాయికి చుట్టి, దానిమీద ఇంకో రాయి పెట్టు. వానకి ఈ గుడ్డ సాగి వేలాడుతుంది, పడుకునే ముందు తాళ్ళు మళ్ళీ బిగించాలి. ఆ పని ఎప్పుడూ నువ్వే చేసేదానివి. నేను లోపలినుంచి పటం చూస్తూ, ఎడమవైపు వదులుగా ఉందని చెప్పేవాణ్ణి.

నిటారుగా కూర్చోవచ్చా అన్నావు. కూర్చోవచ్చు. చెప్పుడుమాట కాదిది, కూర్చుని చూశాను. హాల్లో సోఫా కాళ్ళకీ పుస్తకాల అలమారాకీ తాళ్ళు కట్టి, నా కర్రనే మధ్యలో నిలబెట్టి లోపలికి పాకాను. కూర్చుంటే తలకీ గుడ్డకీ మధ్య జానెడు ఖాళీ ఉంది, నువ్వు నాకంటే పొట్టి. పడుకున్నాను. పక్కకి చెయ్యి చాపితే గుడ్డ తగిలింది. ఇంకో పక్క చాపినా గుడ్డే. కాసేపు అలాగే ఉండి లేవబోతే మోకాలు మొరాయించింది. పట్టుకుని లేవడానికి కర్ర తీస్తే టెంటు మీద పడుతుంది, తీయకపోతే లేవలేను. అలా పడి ఉండగా తలుపు తెరుచుకుంది. నువ్వు వెళుతూ ఎదురింటి లాయరమ్మకి మన ఇంటి తాళంచెవి ఇచ్చి వెళ్ళావని అప్పుడే తెలిసింది నాకు.

"ఏంటండీ ఇది, ఇల్లు గానీ కురుస్తోందా?" అంది.

"లేదమ్మా, పర్వతారోహణ."

"సోఫా మీదికా?"

"దిగడమే కుదరడం లేదు. కాస్త చెయ్యి ఇవ్వు."

చెయ్యి ఇచ్చి లేపి, టెంటు చుట్టూ ఒకసారి తిరిగింది. "ఒక్కరికేనా?" అంది. అవునన్నాను. ఆవిడ చూసేవన్నీ విడాకుల కేసులే కదా, కొత్త కేసు కనిపించినట్టు కళ్ళు మెరిశాయి. "మేడమ్ ఫోన్లో హాయిగా మాట్లాడుతున్నారండీ ఈమధ్య" అని చెప్పి వెళ్ళిపోయింది. ఆవిడతో హాయిగా మాట్లాడుతున్నావన్నమాట.

ఇక నీ చివరి ప్రశ్న, కనుమ మీద గాలికి ఆగుతుందా అని. ఆగుతుంది. కానీ నువ్వు అడగవలసిన ప్రశ్న అది కాదు. నిరుడు అక్కడ పోయిన పళ్ళ డాక్టరు నీకు గుర్తున్నాడు కదా, మన నడక సంఘంలో ఆఖరి వరసలో కూర్చునేవాడు. మన కార్యదర్శి సంతాప సభలో, ఆయన్ని ప్రచండ వాయువు తీసుకెళ్ళిపోయిందని కళ్ళు తుడుచుకున్నాడు, ఆ ముక్కే అచ్చు వేయించాడు. ఆ రాత్రి కనుమ మీద గాలి లేదని, అక్కడి వాతావరణ కేంద్రం లెక్కలు చూసి నేను చెప్పబోతే, సభకి మర్యాద ఉండాలని నన్ను కూర్చోబెట్టాడు. ఇప్పుడు నీకు చెబుతాను, నువ్వు లేచి వెళ్ళలేవు కనుక. ఆయన్ని గాలి చంపలేదు. తడి చంపింది. టెంటు కారింది, పడుకునే సంచీలో వెచ్చదనానికి కూరిన ఈకలు నానిపోయాయి, నానిన ఈకల్లో వేడి నిలవదు. తెల్లారి చూసేసరికి టెంటు చెక్కుచెదరకుండా నిలబడే ఉంది, లోపలి మనిషికే ప్రాణం లేదు. కొండలెక్కినవాళ్ళు రాసిన పుస్తకాలు ఒక అలమారెడు చదివాను. అన్నీ బతికి వచ్చినవాళ్ళు రాసినవే. ఆ పుస్తకాల్లో ఉన్న లోపం అదొక్కటే.

ఇంతవరకు రాసినది నువ్వు అడిగినవాటికి జవాబు. అడగనిది ఇప్పుడు రాస్తాను.

గ్రాములాయన దుకాణంలో జరిగినదంతా పైన రాయలేదు. డబ్బు కట్టాక అతను నన్ను ఆపి, "సార్, ఈ గుడ్డకి రెండువైపులా సిలికాన్ పూత ఉంటుంది. కుట్లలోంచి నీళ్ళు దిగకుండా వేసే టేపు దీనిమీద అంటదు. అందుకని కుట్లు కంపెనీవాళ్ళు మూయరు, కొన్నవాళ్ళే గమ్ రాసుకోవాలి. రాయకుండా మాత్రం వాడకండి, సూది దిగిన ప్రతి చోటునుంచీ నీళ్ళు వస్తాయి" అన్నాడు. గమ్ ట్యూబూ, చిన్న కుంచే కూడా ఇచ్చాడు. సంచీకి కుట్టిన చీటీ మీద అదే మాట ఎర్ర అక్షరాల్లో అచ్చు వేసి ఉంది.

నేను గమ్ రాయలేదు. మరిచిపోయి కాదు. ఆ ఎర్ర అక్షరాల చీటీ కత్తెరతో కత్తిరించేశాను. తేలిక సామాను పిచ్చి ఉన్నవాళ్ళందరూ బరువు తగ్గుతుందని చీటీలు కత్తిరిస్తారు, నీకు అనుమానం కూడా రాదు. పైగా సంచీ లోపల ఒక కాగితం మీద నా చేత్తో రాసి పెట్టాను: "అన్నీ సరిచూశాను, వాడుకోవచ్చు." అది నువ్వు చూసే ఉంటావు.

ఎందుకంటే, మొదటి రాత్రి కింద సరస్సు దగ్గర పడుకుంటానని రాశావు. అక్కడికి రోడ్డు దగ్గర. ఈ కాలంలో సాయంత్రం ఒక జల్లు తప్పదు. తడుస్తావు, తిట్టుకుంటావు, తెల్లవారగానే రోడ్డు దిగుతావు, నాకు ఫోన్ చేస్తావు. తిట్టడానికైనా చేస్తావు. నేను ఊహించుకున్నది అంతవరకే. ఒకరోజు జలుబుకి సరిపడా లెక్క వేశాను. ఆ లెక్క వేసినంతసేపూ నాకు సంతోషంగానే ఉంది, అబద్ధం ఎందుకు.

పార్సిల్ పంపాక రోజూ చూసినట్టే వాతావరణ పటాలు చూశాను. పడమటినుంచి మబ్బు ఒకటి దిగుతోంది. కింద వాన, కనుమ మీద మంచుతో కలిసిన వాన. అయినా నువ్వు సరస్సు దగ్గరే కదా అనుకున్నాను, అది రూఢి చేసుకోవడానికి మీ అక్కకి ఫోన్ చేశాను. నా ఫోన్ నువ్వు ఎత్తవు, ఆవిడ ఎత్తుతుంది. నా గొంతు వినడం ఆవిడకి కాలక్షేపం.

"మరిదిగారా! బతికే ఉన్నారన్నమాట" అంది.

"దాన్ని పిలవండి వదినా."

"రాదు. కొత్త బూట్లు వేసుకుని మేడమెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంది. దాన్ని అలా చూసి ఎన్నాళ్ళయిందో!"

"మొదటి రాత్రి సరస్సు దగ్గరే కదా?"

"అది మానేసింది. పై రోడ్డు దాకా జీపులో పోయి, నేరుగా కనుమ మీదే పడుకుంటుందట. ఆదివారం బయల్దేరుతోంది."

"నా ఉత్తరం అందేదాకా దాన్ని కదలనివ్వకండి" అన్నాను.

"కదలనివ్వకపోవడం మీ పని, మరిదిగారూ. మోకాలు పోయింది మీకైతే, ఇక మనం కొండలెక్కం అని దానికి చెప్పిన మనిషి మీరు. నాకు అంత చేతకాదు."

టెంటు కారుతుందని, కారేలా నేనే పంపానని, అప్పుడే ఆవిడకి చెప్పేయాల్సింది. చెప్పలేదు. ఆ మాట ఆవిడ నోట పడితే నేను పోయాక కూడా బతికే ఉంటుంది. "ఉత్తరం వస్తోందని చెప్పండి, చాలు" అన్నాను.

"చెబుతాను. చదవడం దాని ఇష్టం" అని పెట్టేసింది.

నీ ప్రాణం ఒకవైపు, మీ అక్క ముందు నా పరువు ఒకవైపు ఉంటే, నేను పరువు వైపు చెయ్యి చాపాను. ఆ సంగతి తెలిశాక మనిషికి తన గురించి తెలుసుకోవలసినది ఇంకేమీ మిగలదు. క్షమించమని రాయడం లేదు. నువ్వు క్షమిస్తే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియదు.

ఈ ఉత్తరాన్ని మామూలు పోస్టులో వేయను, కొరియర్ వాళ్ళకి నా చేత్తో ఇస్తాను. శనివారానికి నీ చేతికి వస్తుందని వాళ్ళంటున్నారు. వాళ్ళ మాట నేను నమ్మను. అందుకని అక్కడినుంచే మళ్ళీ మీ అక్కకి ఫోన్ చేస్తాను. ఈసారి మొత్తం చెబుతాను. ఆవిడ ఏమంటుందో అననీ.

గమ్, కుంచె ఈ కవరులోనే ఉన్నాయి. టెంటుని బిగువుగా నిలబెట్టి, పైనుంచి ప్రతి కుట్టు మీదా పల్చగా రాయి. నడినెత్తిన ఉన్న పొడవాటి కుట్టు మీద రెండుసార్లు రాయి, వాన ముందు అక్కడే వెతుక్కుంటుంది. తాళ్ళు కుట్టిన మూలలు వదిలిపెట్టకు. ఒక పగలంతా ఆరనిచ్చి పౌడరు చల్లు, లేకపోతే మడతలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. పడమటి మబ్బు తేలిపోయేదాకా బయల్దేరకు. మొగుడు చెప్పాడని కాదు, వాతావరణ కార్యాలయం చెప్పిందనుకో.

అన్నీ అయ్యాక కూడా నా మాట నమ్మకు. టెంటు పెరట్లో వేసి, జిప్ మూసుకుని లోపల పడుకో. మీ అక్కని పైనుంచి బకెట్లతో నీళ్ళు పొయ్యమను. నన్ను తలుచుకుని పొయ్యమను. ఏ కనుమ మీదా అంత గట్టిగా కురవదు. ఒక్క చుక్క కూడా లోపలికి రాకపోతే, వెళ్ళు.

ఇట్లు,
నువ్వు ఇంకా కాదనలేదు కనుక,
నీ భర్త