స్పెయిన్ వెళ్లే లేసు

అత్తయ్యగారూ,

మీరు పోయి నేటికి ఏడాది. మీరు చివరగా అల్లిన లేసు రన్నర్, అదే బల్ల మధ్యన పొడవుగా పరిచేది, నమూనాగా స్పెయిన్ వెళుతోంది. అది అక్కడి కొనేవాళ్లకు నచ్చితేనే మన నరసాపురం ఆడవాళ్లకు ఆర్డరు. దాని పేరు స్పానిష్‌లో కార్డు మీద ఉండాలన్నారు. మీ మనవరాలు ఫోన్‌ని అడిగి రాసేసింది. నాకు అనుమానం వచ్చింది. మీరు లేసును వెనక్కి తిప్పి చూసినట్టే, ఆ మాటను తెలుగులోకి మార్పించాను. "పరుగెత్తేవాడు" అని వచ్చింది. ఇంగ్లీషులో రన్నర్ అన్న ఒక్క మాటకే చాలా అర్థాలట.

"ఫోన్‌ని కూడా అనుమానిస్తావేంటమ్మా!"

"మీ మామ్మ నా అల్లికనే నమ్మేది కాదు, నేను దీన్ని నమ్ముతానా?"

"బల్ల మీద పరిచే లేసు గుడ్డ" అని రాయించి, అదీ తిప్పి చూశాకే ఒప్పుకున్నాను.

కింద అల్లినవారి పేరు రాయమన్నారు. మీ పేరు నేనే రాశాను. దానికి మాత్రం ఎవరినీ అడగలేదు.

మీ పెద్దకోడలు