రెండో కార్డుకి బొట్టు పెట్టాను

అక్టోబరు 2, విజయదశమి. ఉదయం

మంచి రోజు. కొత్త డైరీ. కొత్త శపథం.

మా ఇంటి కంప్యూటర్‌లో రెండు గ్రాఫిక్స్ కార్డులు నా చేతులతో నేనే పెడతాను. రెండూ నడిపిస్తాను. ఎవర్నీ అడగను. ముఖ్యంగా మహబూబ్‌ని అడగను. రెండో కార్డు నడిచేదాకా అసలు వాడితో మాట్లాడను.

కారణం కూడా రాసుకోవాలి. లేకపోతే నాలుగు రోజులకే కోపం చల్లారిపోతుంది. నా కోపం సంగతి నాకు తెలుసు.

నేనూ మహబూబూ ఇరవై ఏళ్లుగా తాడేపల్లిగూడెంలో పెళ్ళి వీడియోలు తీస్తున్నాం. కెమెరా వాడిది, కంప్యూటర్ నాది. వాడు తీసుకొచ్చినదాన్ని ఇంట్లో కూర్చుని కత్తిరించి, పాటలు అతికించి, పెళ్ళికొడుకు ఆవలింతలు తీసేసి ఇచ్చేది నేను. ఈమధ్య వీడియోలు బరువెక్కాయి, కంప్యూటర్ ఆయాసపడుతోంది. అందులో బొమ్మల పనంతా చేసేది గ్రాఫిక్స్ కార్డే. ఒక ఎద్దు లాగలేకపోతే రెండోది కడతాం కదా, అలాగే విజయవాడ నుంచి రెండో కార్డు తెప్పించాను.

ఆ మాట స్టేషన్ దగ్గర టీ బండి కాడ చెప్తే మహబూబ్ అందరి ముందూ నవ్వాడు. "ఒరేయ్ చిట్టీ, స్కూటర్‌కి రెండు ఇంజన్లు పెడితే రైలవుద్దేంట్రా? అది నీ వల్ల కాదు" అన్నాడు. టీ బండాయన కూడా నవ్వాడు. సగం టీ అక్కడే వదిలేసి వచ్చేశాను. చిట్టిబాబు సగం టీ వదిలేశాడంటే ఎంత మనసు కష్టపడిందో ఆ బండాయనకైనా తెలియాలి.

అదే రోజు, మధ్యాహ్నం

ఆయుధ పూజ అయింది. స్కూటర్‌కి బొట్టు. మా ఆవిడ సత్యవతి కుట్టు మిషన్‌కి బొట్టు. కొత్త కార్డుని పెట్టెలోంచి తీసి పీట మీద పెట్టాను.

ఎక్కడ పెట్టాలా అని ఆలోచించాను. ఫ్యాన్ మీద పెడితే తిరిగినప్పుడు కుంకుమ ఎగురుతుంది. మిగతాదంతా నల్ల ప్లాస్టిక్. కింద అంచున మాత్రం బంగారు రంగు గీతలు వరసగా, ముచ్చటగా ఉన్నాయి. అచ్చం గడప. గడపకి రాసినట్టే నిండుగా పసుపు రాసి, మధ్యమధ్యలో కుంకుమ బొట్లు పెట్టాను.

"మెషినుకి అంత దిట్టంగా ఎందుకండీ? ఓ చిన్న బొట్టు చాలు కదా" అంది సత్యవతి.

ఇలాంటి విషయాల్లో పిసినారితనం పనికిరాదని చెప్పాను. ఆరాక కంప్యూటర్ స్లాటులో పెట్టి నొక్కాను. టిక్కుమంది. లక్ష్మీకళ ఉట్టిపడుతోంది.

అక్టోబరు 3

స్విచ్ వేశాను. రెండు ఫ్యాన్లూ తిరిగాయి! సత్యవతిని పిలిచి చూపించాను.

కంప్యూటర్ మాత్రం ఒక్క కార్డే ఉందంటోంది. ఫర్వాలేదు. కొత్త కోడలు వచ్చిన రోజే వంటింట్లోకి వెళ్తుందా? రేపటికి అలవాటు పడుతుంది.

అక్టోబరు 4

అలవాటు పడలేదు. డ్రైవర్ కావాలట. అంటే కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్. దించాను, ఎక్కించాను. "మీ కంప్యూటర్‌లో ఈ కార్డు లేదు" అంది. కళ్ళ ముందు తిరుగుతున్న ఫ్యాన్‌ని పట్టుకుని లేదంటుందేమిటి?

సాయంత్రం ఖుష్బూ ఫోన్. మహబూబ్ కూతురు. పంతొమ్మిదో తారీఖు ఆదివారం దాని పెళ్ళి.

"బాబాయ్, మీరూ నాన్నా మాట్లాడుకోట్లేదంట కదా" అంది.

"పనిలో ఉన్నానమ్మా" అన్నాను.

"నా సినిమా అయిపోయిందా?"

దాని మొదటి పుట్టినరోజు నుంచి నేటిదాకా ఉన్న ఫోటోలు, వీడియోలు అన్నీ కలిపి ఓ సినిమా చేస్తానని మాటిచ్చాను. పెళ్ళి విందులో పెద్ద తెర మీద వేయాలి. నెల రోజులుగా అదే పని. చివర పది నిమిషాలే మిగిలింది. రెండో కార్డు లేచిందంటే ఒక్క పూటలో అయిపోతుంది.

"అయిపోయినట్టేనమ్మా" అన్నాను.

అక్టోబరు 6

ఇంటర్నెట్‌లో ఒకాయన విండోస్ మొత్తం చెరిపేసి మళ్ళీ ఎక్కించమన్నాడు. మంచి హిందీలో చెప్పాడు, సగం అర్థమైంది. అర్థమైన సగం చేసేశాను. ఇల్లు కడిగి ముగ్గేసినంత హాయిగా ఉంది.

కార్డు ఒక్కటే.

అదే రోజు, గంట తర్వాత

ఖుష్బూ ఫోటోలు వేరే డిస్కులో ఉన్నాయి, భద్రం. నెల రోజులు కూర్చుని కలిపిన సినిమా మాత్రం డెస్క్‌టాప్ మీద ఉంది. ఉండేది.

సత్యవతికి చెప్పలేదు. అన్నం సయించలేదు. పెరుగన్నం మాత్రం తిన్నాను.

అక్టోబరు 8

మళ్ళీ మొదటి పుట్టినరోజు నుంచి మొదలుపెట్టాను. ఒంటరి కార్డు మూలుగుతూ లాగుతోంది. ఈ లెక్కన సినిమా ఖుష్బూ బిడ్డ బారసాలకి పూర్తవుతుంది. రెండో కార్డు లేవాల్సిందే, వేరే దారి లేదు.

కలిదిండి నుంచి సుబ్బరాజుగారు ఫోన్ చేశారు. చేపల చెరువుల ఆయన, గృహప్రవేశం వీడియో మేమే తీశాం.

"ఏవండీ చిట్టిబాబుగారూ, వీడియో ఏమైందండీ? అప్పుడు వేసిన చేపపిల్ల పెరిగి చెరువు పట్టుబడి కూడా అయిపోయిందండీ."

కార్డు సంగతి చెప్పుకున్నాను. ఆయన శ్రద్ధగా విన్నారు.

"మా చెరువులోనూ నీళ్ళకి గాలి కొట్టే ఏరియేటర్లు రెండు ఉన్నాయండి. ఒకటి పనిచేయకపోతే ఫేజు చూస్తామండి. మీకు ఫేజు పోయిందండీ, ఆయ్."

అడగను అనుకున్నాను కానీ ఆయనంతట ఆయన చెప్తే అడిగినట్టు కాదు. మీటరు బోర్డు విప్పి చూశాను. ఫేజు ఉంది. మూత మళ్ళీ పెట్టేటప్పుడు వీధి దీపం ఆరింది. దానికీ నాకూ సంబంధం లేదు.

అక్టోబరు 10, శుక్రవారం

దిష్టి. ఇంకేం కాదు. మహబూబ్ ఆ రోజు నవ్విన నవ్వుకే తగిలింది.

శుక్రవారం కదా అని కార్డు బయటికి తీసి మళ్ళీ పూజ చేశాను. దసరాకి రాసిన పసుపు కొంచెం రాలింది, అదే లోపమనిపించింది. ఈసారి గంధం కూడా కలిపి, రెండు వైపులా మెత్తాను. అప్పుడు ఇంకో ఆలోచన వచ్చింది. కొత్తదానికి ఇన్ని మర్యాదలు జరుగుతుంటే పాత కార్డు ఎంత చిన్నబుచ్చుకుందో? ఆరేళ్లుగా చాకిరీ చేస్తున్నది అదే. దాన్నీ తీసి, దాని గడపకీ నిండుగా రాశాను.

రెండూ ఆరాక పెట్టి స్విచ్ వేశాను. తెర నల్లగా ఉంది.

ఇప్పుడు ఒక్క కార్డు కూడా లేదన్నమాట.

అక్టోబరు 12

తెర నల్లగానే ఉంది. వైర్లు మార్చాను. కంప్యూటర్ బల్ల తూర్పుకి తిప్పాను. మళ్ళీ పడమరకి తిప్పాను.

సత్యవతి ఓ కబురు తెచ్చింది. మహబూబూ గుల్షనూ పెళ్ళి పిలుపులు మొదలుపెట్టారట. మా వీధి చివరిదాకా వచ్చి పిలిచి వెళ్ళారట. టీ బండాయన్ని కూడా పిలిచారట. మా ఇంటికి రాలేదు.

మా ఊళ్ళో ఫోన్లో పిలిస్తే పిలిచినట్టు కాదు. గుమ్మంలోకి వచ్చి చెప్పాలి. ఇన్నాళ్ళూ నా పథకం ఏమిటంటే, వాడు పిలుపుకి వచ్చేసరికి రెండు కార్డులూ గిర్రున తిరుగుతుండాలి, నేను కాలు మీద కాలేసుకుని కూర్చుని ఉండాలి. వాడు అసలు రాకపోతే ఏం చేయాలో ఆలోచించలేదు.

ఆ పిల్ల మొదటి పుట్టినరోజు ఫోటో తీసింది నేను. స్కూటర్ ముందు నిలబెట్టుకుని ఊరంతా తిప్పింది నేను. ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది. ఉల్లిపాయలు కోస్తున్నానని చెప్పాను.

అక్టోబరు 13

ఇంట్లో ఉల్లిపాయలు లేవని సత్యవతి కనిపెట్టింది.

అందుకని మార్కెట్‌కి వెళ్ళాను. దారిలో మహబూబ్ వాళ్ళ ఇల్లుంటే నేనేం చేయను? షామియానా కర్రలు దింపుతున్నారు. వాడు అటు తిరిగి ఉన్నాడు. దిగి "ఏరా" అంటే అయిపోయేది. హారన్ కూడా కొట్టలేదు. ఉల్లిపాయలు కొనుక్కుని వచ్చేశాను.

సాయంత్రం మళ్ళీ అటే వెళ్ళాను. మళ్ళీ ఉల్లిపాయలు.

అక్టోబరు 14

మళ్ళీ.

సత్యవతి పకోడీలు వేసింది, ఉల్లిపాయ పులుసు పెట్టింది. "ఏవండీ, రేపట్నుంచి పచారీ కొట్టు వైపు నుంచి వెళ్ళి కోపం తెచ్చుకోండి. ఇంట్లో పంచదార లేదు" అంది.

ఈ మనిషికి అన్నీ తెలుసు.

శపథం సంగతి: మాట్లాడనన్నాను గానీ పెళ్ళికి వెళ్ళనని అనలేదు. పిలవని పెళ్ళికి ఎలా వెళ్ళడం?

అక్టోబరు 15, సాయంత్రం

వచ్చారు.

మహబూబ్, గుల్షన్. చేతిలో పళ్ళెం, అందులో శుభలేఖ, ఖర్జూరాలు. నేను కాలు మీద కాలేసుకుని లేను. నేల మీద బోర్లా పడుకుని వైర్ల మధ్యలో ఉన్నాను. లేచేసరికి తల బల్లకి కొట్టుకుంది.

"ఊరంతా పిలిచి మా ఇంటికి ఇప్పుడా రావడం?" అన్నాను. మాట్లాడకూడదని గుర్తొచ్చేలోగా మాట వచ్చేసింది.

"మీ ఇల్లు ఆఖర్న పెట్టుకున్నాన్రా. ముందు ఇక్కడికి వస్తే ఇక్కడే కూర్చుండిపోతాను. మిగతా ఊరు పిలిచేదెవడు?"

గుల్షన్ నవ్వి, "ఆయన కూడా మీతో మాట్లాడకుండా సినిమా ఫోన్లో తానే చేస్తానని కూర్చున్నారు అన్నయ్యా. పిల్ల పుట్టినరోజు మొత్తం తలకిందులుగా వచ్చింది" అంది.

మహబూబ్ ఆ మాట విననట్టు బల్ల వైపు తిరిగాడు. అక్కడ రెండు కార్డులూ పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. తిప్పి చూశాడు. వాసన చూశాడు.

"ఏంట్రా ఇది?"

"పూజ చేశాను."

"ఎక్కడ చేశావో చూశావా? ఈ బంగారు గీతల్లోంచే కదరా ఇది కంప్యూటర్‌తో మాట్లాడేది. నోట్లో పసుపు ముద్ద కుక్కి పలకలేదంటే ఎలా?"

సత్యవతి లోపలికి వెళ్ళిపోయింది. వంటింట్లోంచి నవ్వు వినిపించింది. తర్వాత గుల్షన్ కూడా లోపలికి వెళ్ళింది, నవ్వు పెద్దదైంది.

జాకెట్ కొలతలు రాసుకునే పెన్సిల్ రబ్బరుని సత్యవతి రెండు ముక్కలు చేసి ఇచ్చింది. ఇద్దరం నేల మీద కూర్చుని చెరో కార్డూ రుద్దాం. నేను స్లాటుల్లోకి చిన్న బ్రష్ పెట్టి దులిపాను. పసుపు రాలుతూనే ఉంది. గంధం ఎందుకు కలిపావురా అని వాడు ఒకటే గొణుగుడు.

స్విచ్ వేశాం. తెర వెలిగింది. ఒకటి. రెండు. రెండు కార్డులు!

"నా వల్ల కాదన్నావు" అన్నాను.

"కాలేదుగా" అన్నాడు. నిజమే. కానీ రెండున్నాయి.

సినిమా సాఫ్ట్‌వేర్ తెరిచి పని మొదలుపెట్టాం. పాత కార్డు మూలగడం మొదలుపెట్టింది. కొత్తది చల్లగా కూర్చుంది. మాకున్న సాఫ్ట్‌వేర్ ఒక్కదాన్నే వాడుతుందట.

"తోడపెళ్ళికొడుకులా ఉందిరా నీ రెండో కార్డు. కొత్త బట్టలేసుకుని ఊరికే పక్కన కూర్చుంది" అన్నాడు మహబూబ్. కోపం తెచ్చుకోవాల్సింది. నవ్వొచ్చేసింది.

సినిమా పోయిందని కూడా అప్పుడే చెప్పేశాను. వాడు చొక్కా చేతులు మడిచి, "జరుగు" అన్నాడు.

అక్టోబరు 18

పెళ్ళి ఇంట్లో పనులన్నీ బంధువులకి అప్పజెప్పి వాడు మూడు రోజులుగా ఇక్కడే ఉన్నాడు. వాడు ఏరుతాడు, నేను అతుకుతాను. తెచ్చిన ఉల్లిపాయలన్నీ పకోడీలయ్యాయి. ఖుష్బూ మొదటిసారి బడికి వెళ్ళిన రోజు వీడియో దగ్గర వాడు లేచి బయటికి వెళ్ళి, కాసేపయ్యాక వచ్చాడు.

సినిమా అయిపోయింది. మూడు చోట్ల దాచాం.

అక్టోబరు 19, ఆదివారం

నిఖా బాగా జరిగింది. సినిమా తెర మీద వేశాం. ఆఖర్న, చిన్నప్పటి ఖుష్బూ స్కూటర్ ముందు నిలబడి, నేను నడుపుతూ, వెనక మహబూబ్ కెమెరా పట్టుకుని ఉన్న ఫోటో. అది తీసింది ఎవరో ఇద్దరికీ గుర్తులేదు. పిల్ల అందరి ముందూ "బాబాయ్" అని పిలిచి నన్ను పక్కన నిలబెట్టుకుంది.

ఆ తర్వాత మహబూబ్ మైకు తీసుకుని, గడప సంగతి మొత్తం పెళ్ళికొడుకు వారికి చెప్పాడు. పసుపు, కుంకుమ, గంధం, ఉల్లిపాయలు, ఒక్కటీ వదల్లేదు. భోజనాల పంక్తి అంతా నవ్వింది. సుబ్బరాజుగారు మరీ నవ్వారు, ఫేజు సంగతి మరిచిపోయి.

అక్టోబరు 20, దీపావళి. ఉదయం

మంచి రోజు. కొత్త శపథం.

రెండు కార్డులనీ ఒకేసారి వాడే సాఫ్ట్‌వేర్ నేనే సంపాదిస్తాను. నేనే ఎక్కిస్తాను. ఎవర్నీ అడగను. అంతమంది ముందు నా పరువు తీసిన మహబూబ్‌తో, అది నడిచేదాకా మాట్లాడను. ఈసారి ఖాయం. సత్యవతి పసుపు గిన్నె బీరువాలో పెట్టి తాళం వేసింది.

అదే రోజు, కాసేపటికి

వీధిలో స్కూటర్ హారన్. కిటికీలోంచి చూశాను. మహబూబ్. దిగలేదు, లోపలికీ రాలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఖుష్బూ నిన్ననే తణుకు వెళ్ళిపోయింది, అత్తారింటికి. తణుకు ఎంత దూరం? బస్సెక్కితే గంట కూడా పట్టదు.

"ఇంట్లో ఉండబుద్ధి కావట్లేదురా చిట్టీ. టీ తాగొద్దాం రా" అన్నాడు.

చొక్కా వేసుకుంటూ ఇది రాస్తున్నాను. శపథం రేపటి నుంచి.