కలుపు అనుకుని పీకినవి

డెబ్బై ఒకటో ఏట, మోకాళ్లు మొరాయిస్తున్నా బుద్ధి మొరాయించని స్థితిలో, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, పదిహేడేళ్లుగా చెట్ల సంఘం నర్సరీ నడుపుతున్న నేను నా ఇష్టపూర్వకంగా రాయిస్తున్న వీలునామా. ఇంతకు ముందరి కాగితాలేవీ చెల్లవు. దస్తావేజులు రాసే ఆయన అనవసరపు మాటలు తీసేద్దామన్నారు. తీసేయవద్దన్నాను.

1. నేనుంటున్న రెండు గదుల ఇల్లు, వెనక వంటగదితో సహా, నా కొడుక్కి సర్వహక్కులతో చెందాలి. కిటికీకి అడ్డంగా ఉన్న పనసచెట్టు కొట్టేస్తానని పదేళ్లుగా గొణుగుతున్నాడు. ఇక కొట్టుకోవచ్చు.

2. నర్సరీలో నా వాటా మొక్కలు, నీడ వల, విత్తనాల డబ్బాలు, ఏ విత్తనం ఎన్నాళ్లకు మొలిచిందో రాసుకున్న నోటు పుస్తకాలు నా కోడలికి. కొత్తలో ఆమెను సతాయించిన మాట నిజమే. నాకు జ్వరం వచ్చిన పద్దెనిమిది రోజులూ ఒక్క సంచిలో మొక్క కూడా ఎండనివ్వలేదు. నా చేతికంటే నీ చెయ్యి మంచిది, అమ్మాయ్. అప్పుడే చెప్పాల్సింది.

3. వాగు నుంచి పైన మిగిలిన పాత అడవి దాకా ఉన్న నా నాలుగెకరాల వాలు. దీనికి కాస్త వివరం కావాలి.

తగలబడి, పశువులు తొక్కి, గడ్డి తప్ప మిగలని కొండవాలును మా పందొమ్మిది కుటుంబాలు పంచుకున్నాం. అరటి, కాఫీ, మిరియాలు ఎవరివి వారివి. వాటి మధ్య అడవి చెట్లు పెంచి, పోయిన అడవిని తిరిగి తేవాలన్నది మా సంఘం షరతు. నా నర్సరీ మొక్కలనే తాడు పట్టి వరసల్లో నాటాం. వరసల మధ్య మొలిచినదంతా కలుపని నెలకోసారి అందరం కలిసి పీకేవాళ్లం. నా తమ్ముడు పీకలేదు. పిట్టలు వేసిన గింజలవి, అడవి మొక్కలు, వదిలేద్దామన్నాడు. సంఘం మీటింగులో అందరి ముందూ వాణ్ణి సోమరిపోతన్నాను. వంతు పనుల జాబితాలోంచి వాణ్ణి కొట్టేయించాను. ఆ ఏడు వాడి కాఫీ కోతకు ఒక్కరూ సాయం వెళ్లలేదు. పండంతా చెట్టు మీదే ఎండింది. అప్పటి నుంచి పదిహేనేళ్లు మాకు మాటల్లేవు.

ఇవాళ వాడి వాలులో నిలబడితే ఆకాశం కనపడదు. నేనెన్నడూ మొలిపించలేకపోయిన చెట్లు అక్కడ వాటంతటవే లేచాయి. నా వాలులో నేను నాటిన ఏడు రకాలే ఉన్నాయి. ఆ మొలకలను గుర్తుపట్టలేక కాదు. తగాదా అయిన మరుసటి ఏడే గుర్తుపట్టాను. ఒప్పుకోవడానికి మొహం చెల్లక పీకుతూ పోయాను. నన్ను చూసి మిగతా పదిహేడు కుటుంబాలూ పీకాయి. తప్పు నాది. అందుకని ఆ నాలుగెకరాలు నా తమ్ముడికి చెందాలి.

4. పై అంశంలోని చివరి మాట రద్దు. నేను పోయాక వాడు ఇదంతా తెలుసుకుంటే సుఖం నాకే. పోయిన మనిషిని ఎవరూ నిలదీయలేరు. ఆ సుఖం వద్దనుకుని ఇవాళ కబురంపాను. వచ్చాడు. ఇక్కడిదాకా నేనే పైకి చదివాను. వాడు విన్నాడని సంఘమంతటికీ తెలియాలని సాక్షి సంతకం అడిగాను. సాక్షిగా నిలబడితే ఆస్తి రాదని దస్తావేజుల ఆయన వాణ్ణి హెచ్చరించారు. వాడన్నది ఉన్నదున్నట్టు రాయించాను: “నాకా వాలొద్దక్కా. కలం ఇటియ్యి.”

కనుక ఆ నాలుగెకరాలు సంఘానికి చెందాలి. అక్కడ ఏది పీకాలో, ఏది వదలాలో నా తమ్ముడు చెప్పాలి. వాడి తరవాత నా కోడలు చెప్పాలి. దీని అమలు బాధ్యత రెండో సాక్షిగా వచ్చిన మా ఊరి బడి టీచరుగారిది.

రెండు వేల ఇరవై నాలుగు, జూన్ పదకొండు, మంగళవారం ఉదయం, నర్సరీ షెడ్డులో.

సంతకం: నర్సరీ అక్క

రెండో సాక్షి: బడి టీచరు

మొదటి సాక్షి: ఈమె తమ్ముణ్ణి. అంతా విన్నాను. కోపం ఇంకా ఉంది. రేపు పొద్దున అక్క వాలుకు వస్తాను, కలుపు పీకకుండా ఉంచండి.