పావలాల తులాభారం

హిందూపురం

అమ్మకు హేమావతి దండాలు. ఇక్కడ నేనూ, నీ అల్లుడు మారుతీ బాగున్నాము. కనగానపల్లిలో నువ్వూ, అన్నా, వదినా బాగున్నారని తలుస్తాను. ఫోనులో నీకు వినపడదు. వదిన చదివి వినిపిస్తుందని జాబు రాస్తున్నాను.

మజ్జిగ తాగుతున్నావా అని అడిగావు. తాగుతున్నాను.

పావలాలు ఇంకేమైనా దొరికాయా అని అడిగావు. నీ అల్లుడు పండగకు ముందే ధర్మవరంలో తెలిసిన అంగళ్లన్నీ తిరిగాడు. "పావలాలా? అవి చేసేదే నిలిపేసి శానా ఏండ్లాయ గదప్పా! యాడుంటాయి?" అని నవ్వారట. పెనుకొండ బస్టాండు దగ్గర పాత నాణేలు అమ్మే మనిషి ఒక్కోదానికి పది రూపాయలు అడిగాడట. చెల్లే రోజుల్లో కింద పడినా ఎవరూ వంగి తీసుకోని బిళ్ళ!

నాకు బిడ్డ పుడితే కదిరి స్వామి దగ్గర పావలాలతో తూగిస్తానని నువ్వు మొక్కుకున్నప్పుడు, పూలమ్మితే నీ చేతికి అవే వచ్చేవి. అవి ఆగిపోయాక అందరూ బ్యాంకులో ఇచ్చేస్తే, నువ్వు ఇల్లిల్లూ తిరిగి అడిగి తెచ్చావు. రూపాయి బిళ్ళలు వేయొచ్చని పూజారి చెప్పినా వినలేదు. "ఆయప్పకు పావలాలని చెప్పి ఇంగోటి పెడితే మాట తప్పినట్ల కాదా?" అన్నావు. పుట్టగానే తూగిస్తే బిడ్డ తేలిగ్గా ఉంటుంది, ఉన్నవే సరిపోతాయని పోయిన జాబులో రాయించావు.

వదినా, ఇక్కడ ఆపు. అమ్మను లోపలికి తీసుకుపోయి, తలుపేసి చదువు. నువ్వు ఆమె చెవిలో అరిచి చదివితే వీధంతా వింటుంది.

అమ్మా, బిడ్డ లేదు. పోయిన నెల కడుపులోనే కదలిక ఆగిపోయింది. ఆస్పత్రికి పోయేసరికే అయిపోయింది. రక్తం ఆగక గర్భసంచి కూడా తీసేశారు. ఇంక నాకు పిల్లలు కారు. అన్నకు ఫోనులో చెబుదామంటే నోరు రాలేదు. బాగున్నామని పైన రాసింది అలవాటు కొద్దీ రాశాను.

ఆయన అన్నం వండి పెడతాడు, తింటాను. పక్కింటి ఎస్తేరమ్మ నన్ను పట్టుకొని ఏడ్చింది. నేను ఆమె చీర అంచు చూస్తూ కూర్చున్నాను.

పుట్టకముందే కూడబెట్టినందుకు ఇట్లయిందని నువ్వు తల బాదుకుంటావు. వద్దమ్మా. నీ మొక్కు నాకేమీ చెడు చేయలేదు. ఇంక ఎవరినీ పావలాలు అడగొద్దు, అంతే.

"ఒగసారి గట్టిగా ఏడ్చేయి హేమా" అంటాడు ఆయన. రావడం లేదు. నువ్వొస్తే వస్తుందేమో. తొందరగా రా అమ్మా.

ఇట్లు,
నీ కూతురు
హేమావతి