నీ మాత్రకూ నా తొడలకూ ఏమిటక్కా సంబంధం

గోపన్‌పల్లి, హైదరాబాదు

అక్కకు,

నమస్కారం. ఇక్కడ నేను, సుజాత, పిల్లలు బాగున్నాము. అక్కడ బావ, హర్షిత బాగున్నారని తలుస్తాను. నువ్వు బాగున్నావా అని మాత్రం అడగను. బాగుండకూడదని పట్టుబట్టినదాన్ని ఏమని అడిగేది? ఫోన్ చేస్తే పెట్టేస్తున్నావు గనుక రాస్తున్నాను. చింపకుండా చివరిదాకా చదువు.

ప్రొద్దుటూరు వదిలి వచ్చినప్పటి నుంచీ పగలంతా ఆఫీసు కుర్చీలో, సాయంత్రమంతా ట్రాఫిక్‌లో గడిచిపోతోంది. కిటికీ తెరిస్తే ఎదుటి అపార్టుమెంటు సిమెంటు దుమ్ము. మనసు విప్పి మాట్లాడే మనిషి లేడు. ఉన్న ఒక్క అక్కేమో నా మీద పంచాయితీ పెట్టింది.

మనిద్దరికీ కొలెస్టరాల్‌కు ఒకే మందు రాశారు. నీకు చిన్న మాత్రకే దిగింది, నాకు దిగలేదు. ఇంకేం, "ఒక కడుపున పుట్టినోళ్లం, నాకు దిగింది నీకెందుకు దిగదురా? ఆడ బిర్యానీలు మెక్కుతాండావు" అని ఫ్యామిలీ గ్రూపులో పెట్టావు. బంధువులంతా నవ్వారు. సుజాత నీ మాట నమ్మి, నేను ఆఫీసు నుంచి రాగానే చొక్కా వాసన చూసేది! రాగి సంగటి, ఉత్త పప్పు తిని నెలలు నెట్టుకొచ్చినవాడిని నేను. ఒళ్లు మండదా?

అది చాలదన్నట్టు, "హైదరాబాదు మాత్రలు కల్తీవేమో, నావి ఏసుకో" అని ఊరగాయతో పాటు నీ మాత్రలు బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపావు. నీ మాట కాదనలేక నావి పక్కన పెట్టి అవే వేసుకున్నాను. అయినా దిగలేదు. డాక్టరమ్మ మోతాదు పెంచింది, తొడలు పట్టేశాయి. గేటు దగ్గర వాచ్‌మన్ చూసి, "ఏంది సార్, గిట్ల కుంటుతున్నరు? జర దవాఖానకు పోరాదు" అన్నాడు. నువ్వేమో వేషాలన్నావు.

డాక్టరమ్మ నీలాగ అరవలేదు. "ఒకే మందు అందరి ఒంట్లో ఒకేలా పనిచేయదండీ, తోబుట్టువులైనా సరే. కొందరికి కొంచెంతోనే దిగుతుంది, కొందరికి అంతగా దిగదు, కొందరికి కండరాలు నొప్పిపెడతాయి. మీ తప్పేం లేదు" అని మందు మార్చింది. నొప్పి పోయింది, కొలెస్టరాల్ కూడా దిగింది. ఇదంతా గ్రూపులో పెట్టాను, నువ్వు ఒక్క మంచి మాటైనా అంటావేమోనని.

నువ్వు చేసిన ఘనకార్యం నిన్న హర్షిత ఫోన్ చేసి ఏడుస్తూ చెప్పింది. "మామా, అమ్మ మాత్రలు మానేసింది. తమ్ముని కాళ్లు పట్టేసిన మందు నాకొద్దు అంటాంది."

అక్కా, నీకు బుద్ధుందా? ఆ మందు నీకు పనిచేస్తోంది కదే! ఒక్కనాడైనా నీకు కాలు నొచ్చిందా? మొన్నటిదాకా నీ ఒంటిని చూసి నన్ను తిట్టావు. ఇప్పుడు నా ఒంటిని చూసి నిన్ను నువ్వు చంపుకుంటావా? నాయన గుండె పట్టుకుని బజారులో కూలిపోతే ఆయన తల ఒడిలో పెట్టుకున్నది నువ్వు. అది హర్షితకు కూడా రాసిపెట్టాలనుకున్నావా?

బావకు నమస్కారాలు. హర్షితకు ముద్దులు. ఊరగాయ అయిపోయింది, వీలైతే పంపు.

కాళ్లకు మొక్కి దీవెన అడగడం మనింటి పద్ధతి. ఈసారి అడగను. ఈ ఉత్తరం అందగానే మీ డాక్టరు దగ్గరికి పోయి, అడిగి, మాత్ర మళ్లీ మొదలుపెట్టు. దీవించడానికి ముందు నువ్వు ఉండాలి కదే.

కోపం తగ్గని తమ్ముడు,
రమణ