కందిపొట్టు నురుగు

పెద్దేముల్ మండలంలో పుట్టి, వికారాబాద్ కాలేజీ ల్యాబులో ముప్పై ఏళ్లు అటెండరుగా చేసిన మొగులప్ప అనే నేను, వయసు అరవై రెండు, తాండూరు ఆసుపత్రి మంచం మీద నుంచి ఈ వీలునామా రాయిస్తున్నాను. పక్కటెముకలు మూడు, కుడిచెయ్యి విరిగాయి. మతి చెదరలేదని డాక్టరు కింద సంతకం చేస్తాడు. నన్నెవరూ బలవంతపెట్టలేదు. ఆ పని చేసేవాళ్లు ముందే చేసి పోయారు.

1. నన్ను కొట్టింది నా సొంత తమ్ముడు నర్సప్ప, పట్టపగలు. పాత ఇంజనాయిలు కాచి, మడ్డి వాగులోకి వదులుతాడు. ఆ నీళ్లు తాగి మా ఊరి గొర్ల కాపరి నాగవ్వ గొర్రెలు పదకొండు చచ్చాయి. నేను పప్పు మిల్లుల కందిపొట్టు నానబెట్టి, అందులో సూక్ష్మజీవులను పెంచి నురుగు తీశాను. అది చల్లితే రాళ్లకు పట్టిన ఆయిలు ఊడివస్తుంది. అట్లా కడిగిన వాగు రాయిని, ఊడిన మడ్డిని సాక్ష్యంగా అధికారులకు చూపించాను. వాడు అదే రాయి మీద నా చెయ్యి పెట్టించి, లారీ చక్రాలు విప్పే రాడ్డుతో వేళ్లు ఒక్కొక్కటే విరగ్గొట్టాడు. రాడ్డు నా బిడ్డ సింధుజ దగ్గరుంది. నేను పోతే అది హత్య, రాడ్డు కోర్టుకు.

2. వాగు ఒడ్డున నా వాటా ఎకరన్నర సింధుజకు. ఈ వీలునామా అమలు కూడా ఆమెదే. బిడ్డా, భయమైతే వాగు కడిగే పని ఆపు, భూమి మాత్రం వాడికియ్యకు.

3. పొట్టు ఊరికే ఎత్తి ఇచ్చిన మిల్లు హమాలీ కరీముద్దీన్‌కు నా సైకిలు. వెనక చక్రం పంచరు, ఏమనుకోవద్దు.

4. నర్సప్ప మనుషులు నురుగు పెంచే సీసాలు పగలగొట్టి నా షెడ్డుకు నిప్పు పెట్టారు. నాలుగేళ్లు సాకిన ప్రాణం కాలిపోయిందని, దెబ్బలకు ఏడ్వనివాణ్ణి దానికి ఏడ్చాను. నిన్న నాగవ్వ స్టీలు డబ్బా తెచ్చింది. "తిట్టకు అన్నా. గొర్ల బొచ్చు కడుగుదామని నెల కింద చెంబెడు తీస్కపోయిన. పెర్గుకు తోడేసినట్టు పొట్టు నీళ్లు పోస్తున్న, సావలే" అంది. మూత తీస్తే తెల్లటి నురుగు. నెల కింద చెంబెడు తగ్గిందని నలుగురిలో ఆమెను దొంగ అన్నది నేనే. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ నురుగు ఇక చట్టప్రకారం ఆమె సొత్తు. అడిగినవాళ్లకు చెంబెడు ఇవ్వాలి, వాగు కడగాలి.

5. నర్సప్పకు ఏమీ లేదు. వాడు నా పాడె ముట్టకూడదు. తమ్ముడు కదా అని పెద్దలు మోయమంటే, ముందు అందరి ఎదుట నాగవ్వ నురుగుతో చేతులు కడుక్కోవాలి. గోళ్లలోని ఆయిలంతా పోతుంది, నాకు తెలుసు. నా నెత్తురు పోతుందో లేదో వాడే చూసుకోవాలి.

తాండూరు, 2024 నవంబరు 14.
చదివి వినిపించగా విని, ఎడమ బొటనవేలి ముద్ర వేశాను: మొగులప్ప
సాక్షులు: డాక్టరు విజయ్‌కుమార్, నర్సు తరన్నుమ్
రాసినవారు: గణేశ్