వాలు గీత మా గదుల కిందికి వచ్చింది

అశోక్‌నగర్, మంగళవారం రాత్రి

కాళ్లు గుంజుతున్నయి, నిద్ర మాత్రం వస్తలేదు. సైట్ ఇంజనీర్‌గ నాకు ఇచ్చింది మా హాస్టల్ పక్క ప్లాట్‌లనే సెల్లార్ పని అంటే, బస్సుల బాధ తప్పిందని సంబరపడ్డ.

పొద్దున నేల ఎత్తుపల్లాలు చూపే కాంటూర్ మ్యాప్ ముందు పెట్టుకొని లెక్క చేసిన. రోడ్డు దిక్కు పదడుగులు తవ్వితే చాలు. హాస్టల్ దిక్కు నేల ఎత్తున ఉన్నది, అదే మట్టానికి పోవాలంటే పదిహేను తవ్వాలె. అంతా వదులు మట్టి, జారొద్దంటే లోతెంతో అంత దూరం వాలుగ వదలాలె. గుంతకు, మా గోడకు నడుమ ఉన్నది ఐదడుగులే. వాలు గీత గీస్తే సక్కగ మా గదుల కిందికి వచ్చింది.

ముందు ఆ దిక్కు మట్టికి సపోర్ట్ కట్టాలని కాంట్రాక్టర్ యాదన్నకు చెప్పిన. "ఏంది మేడం, గీతలు చూసి పరేషాన్ అయితరు? చిక్కడపల్లిల నిలువుగనే తవ్వినం, ఏమైంది? రేపు జేసీబీ వస్తది" అన్నడు. కొట్లాడే ఓపిక లేక మ్యాప్ చుట్టుకొని వచ్చేసిన.

గదిల ప్లాట్ దిక్కు గోడకున్న మంచం ఇవతలి గోడకు గుంజుకున్న. కింది గదిల గ్రూప్స్‌కు చదివే సరితక్క మంచం కూడ ప్లాట్ దిక్కు గోడకే ఉంటది. సప్పుడు విని పైకొచ్చి, "మంచం ఎందుకు జరిపినవ్?" అని అడిగింది.

"ఆ గోడ మీద బల్లి ఉన్నదక్కా" అని చెప్పిన.